టార్నీట్ నుంచి క్యాన్‌బెరా, సిడ్నీ, బ్రిస్బేన్: అమ్మానాన్నలు, పిల్లలతో కారవాన్ ప్రయాణం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మెల్‌బోర్న్ శివారు టార్నీట్ నుంచి బయల్దేరి, డిసెంబరు సెలవుల్లో మూడు వారాలు, మొత్తం ఆరుగురు. మీరిద్దరు, మూడేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలు. క్యాన్‌బెరాలో పిన్ని కూతురు, సిడ్నీలో అన్నయ్య, బ్రిస్బేన్‌లో కాలేజీ స్నేహితులు. బండి టొయోటా క్లూగర్. స్నేహితుడు తన కారవాన్ ఇస్తానన్నారు: ఖాళీ బరువు 2,100 కిలోలు, ఏటీఎం, అంటే సామాన్లతో కలిపి దాటకూడని బరువు, 2,600 కిలోలు. హోటల్ ఖర్చు తప్పుతుందా, రాత్రుళ్లు బంధువుల ఇళ్ల ముందు పెట్టుకుని అందులోనే పడుకోవచ్చా అని అడిగారు.

ముందు కారవాన్ సంగతి. అది మీ బండికి పనికిరాదు. క్లూగర్ లాగగలిగేది, బ్రేకులున్న ట్రైలరైతే, గరిష్ఠంగా 2,000 కిలోలు. ఆ కారవాన్ ఖాళీగా ఉన్నప్పుడే ఆ హద్దు దాటేసింది. నెమ్మదిగా వెళ్తామంటే కుదిరే విషయం కాదు. ప్రమాదం జరిగితే పోలీసు జరిమానాతో పోదు, బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించడానికి ఇదొక్కటి చాలు. స్నేహితుడికి దణ్ణం పెట్టి వద్దనండి.

ఏటీఎం అంటే అగ్రిగేట్ ట్రైలర్ మాస్. సామాన్లు, నీళ్లు, గ్యాసు అన్నీ నింపాక కారవాన్ మొత్తం బరువు దాటకూడని హద్దు. ఈ అంకె కారవాన్ ముందుభాగంలో, డ్రాబార్ దగ్గర ఉండే ప్లేటు మీద ఉంటుంది. మీకు కావాల్సింది అద్దెకు దొరికే, ఏటీఎం 1,900 లోపు ఉన్న 16, 17 అడుగుల పాప్‌టాప్ (ఆగాక పైకప్పు పైకి లేపుకునే) ఫ్యామిలీ వ్యాన్: మీ ఇద్దరికి ఒక డబుల్ బెడ్, పిల్లలకు రెండు బంకులు. అంటే నలుగురికే పడక. నిజానికి అదే మంచిదని నా అభిప్రాయం. అమ్మానాన్నలకు మీరు ఆగే కారవాన్ పార్కులోనే (కారవాన్లు నిలుపుకుని బస చేసే చోటు) బాత్రూమ్ ఉన్న క్యాబిన్ తీసుకోండి. అరవై దాటినవాళ్లు రాత్రి రెండుసార్లు లేచి, చీకట్లో రెండు ఎత్తైన మెట్లు దిగి, చలిలో యాభై అడుగులు నడిచి బాత్రూముకు వెళ్లడం వాళ్ల మోకాళ్లకూ మంచిది కాదు, మీ నిద్రకూ మంచిది కాదు.

ఇప్పుడు లెక్క. చాలామంది కారవాన్ బరువు చూసుకుని ఆగిపోతారు, కారు బరువు మరిచిపోతారు. కారుకు జీవీఎం అని, మనుషులు, సామాన్లతో కలిపి దాటకూడని బరువు హద్దు ఒకటి ఉంటుంది. అందులోంచి ఖాళీ కారు బరువు తీసేస్తే మిగిలేది మీరు మోయించగలిగేది. మీ మోడల్ అంకె మాన్యువల్లో చూసుకోండి. ఉదాహరణకు 650 కిలోలు అనుకుందాం. నలుగురు పెద్దలు 280, పిల్లలిద్దరు 45, చైల్డ్ సీట్లు 15, టోబార్ (కారవాన్ తగిలించడానికి కారు వెనుక బిగించే ఇనుప కడ్డీ) 35. కారవాన్ ముక్కు టో బాల్ మీద మోపే బరువు, అంటే బాల్ వెయిట్, అది కూడా కారు ఖాతాలోకే వస్తుంది. కారవాన్ మొత్తం బరువులో సుమారు పదో వంతు ఉండాలి కాబట్టి 190. మొత్తం 565. మిగిలింది 85 కిలోలు. ఇండియా నుంచి వచ్చిన రెండు పెద్ద సూట్‌కేసులు, స్ట్రోలర్, ఐస్‌బాక్సు పెడితే అయిపోయింది. పైగా క్లూగర్‌లో మూడో వరుస తెరిచాక వెనుక డిక్కీ చోటు కూడా అంతంత మాత్రమే. ఆ సూట్‌కేసులు ఇంట్లో వదిలి, మెత్తటి బ్యాగుల్లో సర్దండి.

కారవాన్ వైపు కూడా ఇదే పద్ధతి. ఏటీఎం 1,900, ఖాళీ బరువు 1,500 అయితే మీకున్నది 400 కిలోలు. 80 లీటర్ల నీళ్ల ట్యాంకులు రెండూ నింపితే 160. తొమ్మిది కిలోల గ్యాస్ సిలిండర్లు రెండు, డబ్బాల బరువుతో కలిపి 36. ఆనింగ్ (బయటి నీడ పందిరి) గోడలు 25, పక్కలు బట్టలు 70, గిన్నెలు సరుకులు 60, కుర్చీలు బల్ల పైపులు కేబుళ్లు 40. మొత్తం 391. ఇంకా తొమ్మిది కిలోలే మిగిలాయి. అన్నయ్య కోసం పదికిలోల సోనామసూరి సంచి ఒక్కటి పెడితే హద్దు దాటినట్టే. మీరు వెళ్లే పార్కులన్నింట్లో కుళాయి ఉంటుంది కాబట్టి దారిలో ఒకే ట్యాంకు, అదీ ఇరుసుకు దగ్గరగా ఉన్నది నింపండి, 80 కిలోలు తగ్గుతాయి. బియ్యం ఏ ఊరి ఇండియన్ స్టోర్‌లోనైనా దొరుకుతుంది. బయల్దేరే ముందు రోజు అందరూ ఎక్కి, అన్నీ సర్దిన బండిని పబ్లిక్ వేబ్రిడ్జ్ మీద తూకం వేయించండి. అంచనాలు దాదాపు ఎప్పుడూ తక్కువగానే వస్తాయి.

సర్దేటప్పుడు బరువైనవి కింద, ఇరుసు మీద. వెనుక చివర బరువు పెడితే బాల్ వెయిట్ తగ్గి, వేగంలో కారవాన్ తోక ఊపడం మొదలుపెడుతుంది. వెనుక బంపర్ మీద సైకిళ్లు, జెర్రీక్యాన్లు తగిలించినవాళ్లకు ఇది ఎక్కువగా జరుగుతుంది. ఊపు మొదలైతే కారు బ్రేకు తొక్కకండి, స్టీరింగు తిప్పి సరిదిద్దాలని చూడకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, డాష్ దగ్గరున్న ఎలక్ట్రిక్ బ్రేక్ కంట్రోలర్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. ఒక్క కారవాన్ బ్రేకులే పట్టి అది వెనక్కి లాగినట్టయి సర్దుకుంటుంది. ఆ మీట ఎక్కడుందో మీ ఇద్దరికీ చూడకుండా చేయి వెళ్లేంతగా ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి. అద్దె వ్యాన్లకు ఎలక్ట్రిక్ బ్రేకులే ఉంటాయి కాబట్టి మీ కారులో ఈ కంట్రోలర్ ముందే బిగించుకోవాలి. టోబార్, కంట్రోలర్ బిగింపు డిసెంబరులో దొరకదు, అక్టోబరులోనే వర్క్‌షాపులో రోజు తీసుకోండి. టోయింగ్ అద్దాలు కూడా కావాలి. కారు అద్దంలో కారవాన్ పక్కగోడ తప్ప వెనుక రోడ్డు కనిపించదు.

తగిలించే వరుస ఒకటి పెట్టుకుని ఎప్పుడూ మార్చకండి, మధ్యలో ఎవరు పిలిచినా ఆపకండి. కప్లింగ్ బాల్ మీద దించి తాళం పడిందో లేదో జాకీ వీల్‌తో (కారవాన్ ముందున్న, ఎత్తి దించే చిన్న చక్రం) కొంచెం పైకెత్తి చూడాలి. కారు వెనుకభాగం కూడా లేస్తే పడినట్టు. తర్వాత సేఫ్టీ చెయిన్, షాకిల్, కరెంటు ప్లగ్గు. జాకీ వీల్ పూర్తిగా ఎత్తి తిప్పి బిగించాలి. కారవాన్ హ్యాండ్‌బ్రేక్ దించాలి, నాలుగు మూలల స్టెబిలైజర్ కాళ్లు ఎత్తాలి. గ్యాసు సిలిండర్ వాల్వు కట్టేయాలి, లోపల రూఫ్ హ్యాచ్‌లు (పైకప్పు కిటికీలు) మూయాలి, ఫ్రిజ్ తలుపు గొళ్లెం వేయాలి, మెట్టు ఎత్తాలి, టీవీ యాంటెన్నా దించాలి. చివరగా ఒకరు వెనుక నిలబడి బ్రేకు లైట్లు, ఇండికేటర్లు చూడాలి. రోడ్డు మీద ఎక్కువగా జరిగే నష్టాలు ఎత్తడం మరిచిన మెట్టు, తెరిచిన హ్యాచ్, దించి ఉన్న జాకీ వీల్ వల్లే. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి, హబ్‌ల దగ్గర చేయి పెట్టి వేడి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా కాలుతుంటే బేరింగో బ్రేకో పట్టేస్తోందని అర్థం. కారవాన్ టైర్లు అరగక ముందే వయసు అయిపోతాయి. అద్దె వ్యాన్ తీసుకునేటప్పుడు టైరు పక్కనున్న నాలుగంకెల తేదీ చదవండి: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఏడేళ్లు దాటితే వేరే వ్యాన్ అడగండి.

కారవాన్ కదులుతున్నప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు, నాన్నగారు కాసేపు నడుం వాల్చుతానన్నా సరే. మూడేళ్ల పాపకు హార్నెస్ ఉన్న చైల్డ్ సీటు చట్టప్రకారం తప్పనిసరి, దానికి టాప్ టెథర్ పట్టీ బిగించే కొక్కెం కావాలి. మూడో వరుసలో కూర్చోబెట్టాలనుకుంటే ఆ కొక్కెం అక్కడ ఉందో లేదో ముందు చూడండి. బాబుకు ఏడు దాటింది కాబట్టి చట్టం బెల్టుతో సరిపెడుతుంది గానీ, 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ ఉంచితేనే బెల్టు మెడకు కోసుకోదు. బాబు మూడో వరుసలో కూర్చోవచ్చు. అమ్మానాన్నల్ని మాత్రం అక్కడికి పంపకండి, మోకాళ్లు ముడుచుకుని రెండు గంటలు కూర్చోలేరు.

దారి విషయానికి వద్దాం. కారవాన్‌తో రోజుకు 300 నుంచి 350 కిలోమీటర్లు, అంతకు మించి వద్దు. హ్యూమ్ హైవే వేగ పరిమితి 110 అయినా మీరు 90, 95 దగ్గర వెళ్లండి. న్యూ సౌత్ వేల్స్‌లో జీసీఎం (కారు, ట్రైలర్ కలిపి దాటకూడని బరువు) 4.5 టన్నులు దాటిన బండి ట్రైలర్ లాగుతుంటే ఎలాగూ 100 దాటకూడదు. పెద్ద లారీ పక్కనుంచి దాటేటప్పుడు గాలి ముందు మిమ్మల్ని అవతలకు తోస్తుంది, తర్వాత లారీ వైపు లాగుతుంది. వేగం తక్కువుంటే ఆ రెండూ చిన్న కుదుపుతో పోతాయి. పెట్రోలు ఖర్చు దాదాపు ఒకటిన్నర రెట్లు వేసుకోండి; ఎదురుగాలి ఉన్న రోజు ఇంకా ఎక్కువ.

మొదటి రోజు ఆల్బరీ వరకు, సుమారు 320. రెండో రోజు యాస్ దగ్గర హ్యూమ్ వదిలి బార్టన్ హైవే మీదుగా క్యాన్‌బెరా, ఇంకో 345. మధ్యలో హోల్‌బ్రూక్‌లో దిగండి. సముద్రానికి అంత దూరంలో, పార్కులో హెచ్‌ఎంఏఎస్ ఆట్వే జలాంతర్గామి పైభాగం ఉంటుంది, పిల్లలు గంటసేపు కదలరు. పెద్దవాళ్లకు గంటన్నరకోసారి ఆగాలి. నేషనల్ పబ్లిక్ టాయిలెట్ మ్యాప్ యాప్‌లో తర్వాతి ఆగే చోటు ముందే చూసి పెట్టుకోండి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి కాబట్టి సాయంత్రం నాలుగుకల్లా పార్కులో ఉండేలా బయల్దేరండి. వెలుగుండగా కారవాన్ రివర్సు చేయడం కూడా తేలిక. స్టీరింగు అడుగు భాగం పట్టుకోండి, కారవాన్ వెనుక ఎటు వెళ్లాలో చేయి అటు జరపండి. ఒకరు వెనుక నిలబడి ఫోన్‌లో చెప్పాలి. అరుపులు వినపడవు, సైగలు కనపడవు.

క్యాన్‌బెరా నుంచి నేరుగా సిడ్నీ వెళ్లకండి. మధ్యలో వొలంగాంగ్ వైపు సముద్రం పక్కన రెండు రాత్రులు ఆగితే హెలెన్స్‌బర్గ్ శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం దగ్గరవుతుంది. అమ్మానాన్నలకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే గుర్తుండేది అదే కావచ్చు. గుడికి కారులోనే వెళ్లండి, కారవాన్ పార్కులో ఉంచండి. శని, ఆదివారాల్లో పార్కింగు నిండిపోతుంది, కారవాన్ తిప్పే చోటు దొరకదు. తీరానికి దిగడానికి హ్యూమ్ నుంచి విల్టన్ దగ్గర పిక్టన్ రోడ్డు పట్టుకోండి. మ్యాప్ మెక్వారీ పాస్ చూపిస్తే ఒప్పుకోకండి, అక్కడ ఏటవాలు మలుపుల్లో కారవాన్ పట్టదు. మౌంట్ ఔస్లీ దిగేటప్పుడు, కొండ అంచు రాకముందే గేరు తగ్గించండి. దిగేదాకా బ్రేకు మీద కాలు ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది.

ఇక బంధువుల ఇంటి ముందు కారవాన్ పెట్టే ప్రశ్న. నా సలహా వద్దనే. బంధువుల ఇంటికి పది, ఇరవై కిలోమీటర్లలో ఉన్న పార్కులో కారవాన్ ఉంచి, కారులో వెళ్లి రండి. సిడ్నీలో వెస్ట్‌మీడ్, ప్యారమాటా, స్కోఫీల్డ్స్ వైపు ఇళ్లయితే మెక్వారీ పార్క్‌లోని లేన్ కోవ్ హాలిడే పార్క్, లేదా డ్యూరల్ వైపు పార్కులు అనుకూలం. కారవాన్‌లో వెళ్లడంలోని సుఖం ఇదే: మీ పక్కలు, మీ వంట మీతోనే ఉంటాయి, రాత్రి పదింటికి అన్నయ్య ఇంట్లో భోంచేసి మీ ఇంటికి మీరు వచ్చేస్తారు. వదినగారు ఆరుగురికి పక్కలు సర్దక్కర్లేదు, ఒకే బాత్రూము ముందు పొద్దున్నే వరుస కట్టక్కర్లేదు. అయితే డబ్బు మిగులుతుందని మాత్రం అనుకోకండి. అద్దె, పవర్డ్ సైటు (పార్కులో కరెంటు ఉన్న స్థలం), క్యాబిన్, అదనపు పెట్రోలు కలిపితే సాధారణ మోటళ్లకు దగ్గరగానే వస్తుంది.

ఒకటి రెండు రాత్రులు ఇంట్లోనే పెట్టమని వాళ్లు పట్టుబడితే ఇవి చూడండి. కారు, కారవాన్ కలిపి ఏడున్నర మీటర్లు దాటుతాయి; అంత పొడవున్నది జనావాసాల రోడ్డు మీద గంటకు మించి ఆపకూడదని ఆస్ట్రేలియా రోడ్డు నియమం. విడదీసి కారవాన్ ఒక్కదాన్ని ఆపినా, వీధిలో అందులో పడుకోవడానికి చాలా కౌన్సిళ్లు ఒప్పుకోవు. ఇంటి డ్రైవ్‌వేలో అయితే న్యూ సౌత్ వేల్స్ 2021 నియమావళి ప్రకారం కౌన్సిల్ అనుమతి లేకుండా ఒకసారికి రెండు రోజులు, ఏడాది మొత్తంలో 60 రోజుల వరకు ఉండొచ్చు. డ్రైవ్‌వే ఏటవాలుగా ఉంటే కారవాన్ వెనుక అంచు నేలకు రాసుకుంటుంది, కాబట్టి ముందే ఫోటో తెప్పించుకోండి. చెట్టుకొమ్మలు, కార్‌పోర్ట్ ఎత్తు కొలిపించండి.

కరెంటు దగ్గర చాలామంది ప్రమాదకరమైన పని చేస్తారు. కారవాన్ ప్లగ్గు 15 యాంపులది, ఇంటి సాకెట్టు 10 యాంపులది. 15 యాంపుల ప్లగ్గుకు ఎర్త్ పిన్ను వెడల్పుగా ఉంటుంది, ఇంటి సాకెట్టులో దూరకుండా కావాలనే అలా చేశారు. ఆ పిన్ను ఆకురాయితో అరగదీసేవాళ్లున్నారు, అది చట్టవిరుద్ధం, వైర్లు కాలతాయి. లోపల 10 యాంపుల బ్రేకరు, ఆర్‌సీడీ (షాక్ కొట్టకుండా కరెంటు కట్ చేసే స్విచ్చు) ఉన్న ఆమోదిత అడాప్టర్ దొరుకుతుంది, అది కొనండి. అది పెట్టాక కూడా ఏసీ, కెటిల్ ఒకేసారి నడవవు; కెటిల్ ఒక్కటే దాదాపు పది యాంపులు లాగుతుంది. కేబుల్ మొత్తం విప్పి పరచండి, చుట్టగా ఉంచితే లోపల వేడి చేరి కరుగుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లు వీధి కాలువలోకి వదలకండి, అది వాననీటిది, నేరుగా వాగుల్లోకి పోతుంది. ఇంటి మురుగునీటి గొట్టం నోట్లోకి (గల్లీ ట్రాప్) పైపు వేయండి.

మన ఇళ్లవాళ్లకే ఎదురయ్యే సమస్య ఒకటుంది, కారవాన్ పుస్తకాలేవీ చెప్పవు. టాయిలెట్ క్యాసెట్, అంటే టాయిలెట్ కింద ఉండే, తీసి ఖాళీ చేసే డబ్బా, 18, 20 లీటర్లది. కాగితం వాడే కుటుంబానికే రెండు రోజులొస్తుంది; మగ్గుతో నీళ్లు వాడితే ఆ నీళ్లన్నీ అందులోకే, ఒక రోజులో నిండిపోతుంది. అందుకే పగలంతా పార్కు బాత్రూములు, కారవాన్‌ది రాత్రి అవసరానికే అని నియమం పెట్టుకోండి. ఖాళీ చేయాల్సింది డంప్ పాయింట్‌లో, అంటే క్యాసెట్లు పారబోయడానికే కేటాయించిన చోట. బంధువుల ఇల్లు సెప్టిక్ ట్యాంకుదైతే అందులో అస్సలు పోయకండి, ఆ రసాయనం ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపేస్తుంది.

వంట కారవాన్ లోపల టీ, పాలు, అన్నం వరకే. తాలింపు లోపల పెడితే పొగ అలారం మోగుతుంది, ఆ వాసన పరుపులకు పట్టి వారం వదలదు, అద్దె వ్యాన్ అయితే శుభ్రం చేసిన ఖర్చు మీమీదే. పార్కు క్యాంప్ కిచెన్లో పులుసు, వేపుడు చేసుకోండి. కారవాన్ బర్నర్లు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. మూడు లీటర్ల కుక్కరు సరిగ్గా కూర్చుంటుంది, ఐదు లీటర్లది పక్క బర్నర్ మీదకు వచ్చేస్తుంది. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ ఇక్కడి కరెంటుకు నడుస్తుంది, ప్లగ్గు మార్పిడి చాలు, కానీ పవర్డ్ సైటులోనే. దోసె పిండి డబ్బా సగమే నింపండి, ఎండకు, కుదుపుకు పొంగి ఫ్రిజ్ అంతా పాకుతుంది. టోటల్ ఫైర్ బ్యాన్ (కార్చిచ్చు భయంతో బయట మంటలు నిషేధించే ప్రకటన) ఉన్న రోజుల్లో బయట మంట పెట్టే ముందు ఆ రాష్ట్రం నియమం చూడాలి; విక్టోరియాలో విక్ఎమర్జెన్సీ, న్యూ సౌత్ వేల్స్‌లో హజార్డ్స్ నియర్ మీ యాప్‌లు పెట్టుకోండి.

బ్రిస్బేన్ గురించి నిక్కచ్చిగా చెప్తాను: ఈసారి కారవాన్‌తో వద్దు. సిడ్నీ నుంచి 900 కిలోమీటర్ల పైమాట, రోజుకు 300 చొప్పున పోను మూడు రోజులు, రాను మూడు రోజులు. అది కూడా క్రిస్మస్‌కూ జనవరి ఆఖరుకూ మధ్య, పోర్ట్ మెక్వారీ, కాఫ్స్ హార్బర్ తీరం పార్కులు నెలల ముందే నిండిపోయి, ఖాళీ ఉన్నచోట కూడా ఐదారు రాత్రులకు తక్కువైతే ఇవ్వని రోజుల్లో. సిడ్నీలో కారవాన్ సైటులోనే ఉంచి, విమానంలో గంటన్నరలో బ్రిస్బేన్ వెళ్లి మూడు రోజులు స్నేహితులతో గడపండి. క్యాన్‌బెరా, వొలంగాంగ్, సిడ్నీ సైట్లు, క్యాబిన్లు మాత్రం ఈ వారమే బుక్ చేయండి. క్యాబిన్లే ముందు అయిపోతాయి.

క్యాన్‌బెరాలో పిన్ని కూతురు ఇంట్లో కరివేపాకు మొక్క బాగుందని కుండీతో సహా ఇస్తారు. కరివేపాకు నిమ్మజాతి మొక్క, రాష్ట్రాల మధ్య మొక్కలు, మట్టి తీసుకెళ్లడం మీద జీవభద్రతా నియమాలున్నాయి, కుండీ వద్దనండి. తిరుగు ప్రయాణంలో ఎప్పుడైనా మిల్డ్యూరా మీదుగా అడిలైడ్ వైపు వెళ్లాలనిపిస్తే పండ్లు, కూరగాయలు కూడా ముందే తినేయాలి. ఫ్రూట్ ఫ్లై భయంతో దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దులో బళ్లు ఆపి వెతుకుతారు. వండిన పచ్చళ్లకు ఇబ్బంది లేదు.

మెల్‌బోర్న్ చేరాక వ్యాన్ అప్పగించే దారిలో సౌత్ మెల్‌బోర్న్ వైపు వెళ్లాల్సి వస్తే మాంటేగ్ స్ట్రీట్ వంతెన కిందకు వెళ్లకండి, దాని ఎత్తు మూడు మీటర్లే. అప్పగించే ముందు క్యాసెట్ ఖాళీ చేసి కడగండి, నీళ్ల ట్యాంకు ఖాళీ చేయండి, ఫ్రిజ్ తుడిచి తలుపు కొంచెం తెరిచి ఉంచండి, మూసేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది.